గాలి తిరిగేలోగా

గోడకు వీపు ఆనించి కూర్చున్న కల్మెట్ చొక్కాలోకి సన్నగా ఇసుక జారుతోంది.

అతను కదల్లేదు. చెయ్యి వెనక్కి పెట్టి గోడను తడిమాడు. కాస్త నొక్కగానే గోరు లోపలికి దిగింది.

బయట తుఫాను రంకెలేస్తోంది. పొద్దున మొదలైన గాలి మధ్యాహ్నానికల్లా కొబ్బరిచెట్ల తలలు విరిచి పడేసింది. ఊరంతా, పసిపిల్లలతో కలిపి అరవై ఇద్దరు, తుఫాను షెల్టర్‌లో చేరారు. కల్మెట్ మొహంలో తప్ప ఎవరి మొహంలోనూ కంగారు లేదు. ఆడవాళ్ళు ఆకుల్లో చుట్టి కాల్చి తెచ్చిన దుంపరొట్టె, లాప్‌లాప్ ముక్కలు చేసి పంచుతున్నారు.

తలుపు మీద పెద్ద పలక. దాని మీద ఒక పక్క వనువాటు జెండా, ఇంకో పక్క నీలం రంగులో పసుపు నక్షత్రాల వలయం. యూరపు దేశాలూ పసిఫిక్ దీవులూ చేయి కలిపి కట్టుకున్న కట్టడమని రాసి ఉంది. సామాను వాళ్ళది, రెక్కల కష్టం ఊరిది. ప్రారంభం రోజున చీఫ్ తరిపు నాలుగు పందుల్ని కోయించాడు.

"ఏం బావా, అలా చెమటలు పడుతున్నాయి? రాత్రి తాగిన కావా మత్తు ఇంకా దిగలేదా?" అన్నాడు బావమరిది ఆలిక్. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"నోరు ముయ్యరా" అని తమ్ముణ్ణి కసిరింది కల్మెట్ భార్య లేపకోవా. "మీ బావకి ఏం గుర్తొస్తోందో నీకు తెలీదూ?"

ఆలిక్ తల దించుకున్నాడు. తెలియనివాళ్ళెవరు? ఆరేళ్ళ కిందట తుఫానులో చర్చి కప్పు కూలి కల్మెట్ పెద్దకూతురు పోయింది. ఆ పిల్ల చెయ్యి అతని చేతిలో ఉండగానే పోయింది. ఆ తర్వాత పోర్ట్ విలా పట్నం వెళ్ళి రెండేళ్ళు మేస్త్రి పని చేశాడు. తిరిగొచ్చి ఈ షెల్టరు పనికి మేస్త్రిగా నిలబడ్డాడు, ఆ ఏడే గుట్ట మీద సిమెంటు ఇల్లు కట్టుకున్నాడు. ఊరు మొత్తానికి సిమెంటు కట్టడాలు రెండే. ఈ షెల్టరు, ఆ ఇల్లు.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.

చెవులు దిబ్బడ వేసినట్టయింది. కిటికీలోంచి నీలంగా ఆకాశం కనిపించింది. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చింది. ఇంకో అరగంటకు గాలి రెండో వైపు నుంచి మొదలవుతుందని రేడియో చెప్పింది.

కల్మెట్ లేచి చీఫ్ దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దాయనా, అందరం మా ఇంటికి పోదాం. ఇప్పుడే."

"ఏం, ఇక్కడుంటే ఏమయింది?"

"ఈ గోడ ఆగదు. ఇప్పటిదాకా కొండ అడ్డం ఉంది. ఇక వచ్చేది సముద్రం గాలి. తిన్నగా దీన్నే కొడుతుంది."

"ఇల్లు చూద్దురుగాని రమ్మని బావ ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. ఎవరూ వెళ్ళకపోతే ఇవాళ తుఫాన్ని సాయం తెచ్చుకున్నాడు" అన్నాడు ఆలిక్. ఈసారి అందరూ పగలబడి నవ్వారు.

చీఫ్ నవ్వలేదు.

"నా తర్వాత చీఫ్ ఎవరని పెద్దలు కావా తాగే నకమాల్‌లో మాట లేచినప్పటి నుంచీ నిన్ను చూస్తూనే ఉన్నానురా. ఊరంతా నీ కప్పు కింద తల దాచుకుంటే, రేపు ఊరు నీదంటావు. అంతేగా?"

"నాకు ఏ పదవీ వద్దు పెద్దాయనా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముసలాళ్ళనీ పసిపిల్లల్నీ తీసుకుని, పడిపోయిన చెట్లు దాటుకుంటూ పొమ్మంటావా? మధ్యలో గాలి తిరిగితే? నీకంత భయంగా ఉంటే నీ పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని పో. నేను అడ్డం రాను."

కల్మెట్ చిన్నకూతుర్ని చంకనెత్తుకున్నాడు. లేపకోవా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళాడు. గుట్ట మీద ఇల్లు కనిపిస్తోంది. రెండు వందల గజాల దూరం. ఒక్క రేకు కూడా లేవలేదు. ఇప్పుడు పరుగెత్తితే చాలు. రేపు అతన్ని ఏమైనా అడగడానికి ఎవరూ మిగలరు.

వెనక్కి తిరిగి చూశాడు. పిల్లలంతా సముద్రం వైపు గోడ కింద వరసగా కూర్చుని లాప్‌లాప్ తింటున్నారు. ఆలిక్ కొడుకు మూతికి అంటుకున్న కొబ్బరిపాలు నాకుతున్నాడు. వాడి నెత్తి మీద, జుట్టులో, తెల్లగా ఇసుక.

సముద్రం మీద సన్నగా మూలుగు మొదలైంది.

కల్మెట్ బిడ్డను లేపకోవా చేతికిచ్చి వెనక్కి నడిచాడు. చీఫ్ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆయన కాళ్ళు రెండు చేతులా చుట్టేశాడు.

చీఫ్‌కి కాస్త జాలి వేసింది. వంగి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ బాధ నాకు తెలుసురా. కానీ అది పాత చర్చి, చెదలు పట్టిన కొయ్య. ఇది అలాంటిదా? యూరపు ఇంజినీర్లు కాగితం మీద గీసిచ్చారు. వాళ్ళు పంపిన సిమెంటుతో లేచిన గోడ ఇది. నువ్వు ఒక్కడివి కట్టుకున్న ఇల్లు నిలిచి, ఇది ఎలా కూలుతుందో ఒక్క మాట చెప్పు. చెబితే ఊరంతటినీ నేనే లేపుతాను."

కల్మెట్ తల ఎత్తలేదు.

"వాళ్ళు పంపిన సిమెంటు ఈ గోడల్లో లేదు పెద్దాయనా, మా ఇంటి గోడల్లో ఉంది."