రేడియో మనిషి మీద ఫిర్యాదు

"అంతన్నా, రేడియో ఆయన వచ్చిండే!"

హనుమండ్లు గట్టు మీద నుంచి అరిచాడు.

అంతయ్య పార అక్కడే పడేసి చావడికి పరుగెత్తాడు.

అరుగు మీద ఒక బక్కపలచని మనిషి కూర్చుని ఉన్నాడు. భుజాన గుడ్డసంచి. పంట్లాం మోకాళ్ల దాకా తడిసి ఉంది. వాగు దాటి వచ్చాడు.

"నా పేరు లక్ష్మీరాజం. రేడియో కేంద్రంలో మీ ఉత్తరాలు విప్పేది నేనే," అన్నాడు.

"గట్లనా? అయితే నా కార్డులు చింపేటోడివి నువ్వేనన్నట్టు."

అంతయ్య ఆరు నెలల్లో పదకొండు కార్డులు రాశాడు. అన్నిట్లోనూ ఒకటే సంగతి.

పోయిన శ్రావణంలో అతని భార్య యాదవ్వకు గత్తర తగిలి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. లక్సెట్టిపేట దవాఖాన ఐదు మైళ్లు. నడుమ వాగు. ఒడ్డు తెగేలా పారుతోంది. బండి ఇవతలే నిలిచిపోయింది. పొద్దు గూకేలోగా యాదవ్వ బండిలోనే పోయింది.

ఇప్పుడు పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం ఎన్నికలు. నలుగురు పోటీలో ఉన్నారు. నలుగురూ జీపుల్లో వచ్చి వంతెన కట్టిస్తామన్నారు. కిందటిసారి గెలిచినాయన కూడా అదే అన్నాడు. జీపు మీద నిలబడి చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు.

అందుకే అంతయ్య రాశాడు. నలుగురినీ రేడియో ముందర కూర్చోబెట్టండి. వంతెన ఎవరు కడతారో, ఏ సంవత్సరం కడతారో అడగండి. పది ఊళ్లు వింటే రేపు తప్పించుకోలేరు.

చావడిలోని పంచాయతీ రేడియో మిరప తెగుళ్ల గురించి చెప్పింది. మంత్రిగారి శంకుస్థాపనల గురించి చెప్పింది. అంతయ్య విన్నన్ని రోజులూ వాగు మాట ఎత్తలేదు.

"ఓట్లచ్చినయ్. రేడియోల ఒక్కడన్న ఒకన్ని నిలేసి అడుగుతుండా సారూ?"

"ఎన్నికలప్పుడు అభ్యర్థుల వాదనలు రేడియోలో రాకూడదండీ. నియమం."

"మరెప్పుడు రావాలె? గెలిచి పట్నం పోయినంకనా?"

జనం నవ్వారు.

"ప్రతి ఉత్తరం మీదా పై అధికారి సంతకం పడాలి. పడితేనే చదువుతారు."

"మరి నీ చేతుల ఏమున్నది? కత్తెరనా?"

మళ్లీ నవ్వారు.

లక్ష్మీరాజం గుడ్డసంచి ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆరో తారీఖు సాయంత్రం రేడియో విన్నారా?"

"ఏం రేడియో?" అన్నాడు హనుమండ్లు. "బ్యాటరీ సచ్చి పదిహేను దినాలాయె. ఓట్లయినంక తెస్తనన్నడు సర్పంచు. గందాక గా పెట్టె మీద పిల్లి పండుకుంటున్నది."

"పక్క ఊళ్లో ఎవరైనా విన్నారేమో?"

"నాలుగూళ్లకు గదొక్కటే పెట్టె. అయినా ఇననీకి ఏమున్నది? మంత్రి దండలేసుకునుడా?"

ఆ మనిషి ముఖం పాలిపోయింది.

లింగవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె యాదవ్వ తల్లి.

"అత్తా, ఆగు. నీళ్లు వాగుల తాగుతడు," అన్నాడు అంతయ్య.

"తప్పు కొడుకా. ఊరికొచ్చిన మనిషి."

లక్ష్మీరాజం చెంబు అందుకోబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"వాగు నిండితే ఎంత వరకు వస్తుందండీ?"

"గిప్పుడడుగుతున్నవా? మోకాళ్లే తడిసినయ్ నీకు. శ్రావణంల రా. నీ పెండ్లాన్ని బండ్ల పండవెట్టుకొని రా. అప్పుడెర్కయితది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

లక్ష్మీరాజం తల వంచుకుని సంచిలోంచి ఒక ఖాళీ కార్డు తీశాడు.

"ఇదంతా నిజమని, ఇది ఊరి మాటేనని ఇంకొక్క కార్డు రాసివ్వండి. పదిమంది సంతకాలు ఉంటే చాలు. ఎందుకంటే..."

"ఇంకొకటా?"

అంతయ్య కార్డు గుంజుకుని రెండు ముక్కలు చేశాడు.

"పదకొండు సాలలేదా మీకు? ఓట్ల ముందర సంతకాలు గావాల్నా? ఏ పార్టీ తోలింది నిన్ను?"

"నన్ను చెప్పనివ్వండి..."

"నడువ్!"

హనుమండ్లు అతని సంచి ఎత్తుకుని ముందు నడిచాడు. పదిమంది వెనక నడిచారు. వాగు దాకా సాగనంపారు. లక్ష్మీరాజం నీళ్లలోకి దిగి అవతలి ఒడ్డు ఎక్కాడు. అక్కడ నిలబడి వాగు రెండు వైపులా చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే అంతయ్య రేడియోకు మళ్లీ రాశాడు.

"మీ మనిషి లక్ష్మీరాజం ఓట్ల ముందర మా ఊరికి వచ్చి సంతకాలు అడిగినాడు. ఇటువంటి వారిని కొలువులో ఉంచరాదు."

కింద ముప్పై మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. కార్డు చాలదని కవరులో పంపారు.

పదకొండు కార్డులకు రాని జవాబు ఆ ఒక్క కవరుకు వారంలో వచ్చింది.

అంతయ్య అందరినీ చావడిలో కూర్చోబెట్టి పైకి చదివాడు.

"మీ ఫిర్యాదు అందినది. లక్ష్మీరాజంను ఉద్యోగం నుంచి తొలగించడమైనది."

"గదీ దెబ్బ!" హనుమండ్లు తొడ చరిచాడు. "మన మాట రేడియోకు ఇనవడ్డదే అన్నా!"

"ఇంకేమన్న రాసిండ్రా కొడుకా?" అంది లింగవ్వ.

రాశారు.

"అధికారి సంతకం లేకుండా మీ వాగు కార్డును ఆరో తేదీన రేడియోలో చదివించినందుకు ఇతనిపై అప్పటికే విచారణ జరుగుచుండినది, అది ఊరి ప్రజల మాటేనని మీ సంతకాలు తెచ్చి చూపుటకు వారం గడువు కోరినాడు గాని, తేలేకపోయినాడు."