ఇల్లంతా తిరిగొచ్చిన పిల్ల

అన్న చెన్నకేశవులు పేరెత్తితే వెంకటసుబ్బయ్యకు రోత. తల్లి చెంచమ్మ పోయి ఏడాది తిరగలేదు. అంతలోనే అన్న, చిన్నకొడుకు పేర ఆమె రాసిన వీలునామా దొంగదనీ, కంభం చెరువు కింద ఉన్న మూడెకరాల నలభై సెంట్ల పొలంలో సగం తనదనీ గిద్దలూరు కోర్టుకెక్కినాడు. వేలిముద్ర అమ్మదేనని పరీక్షలో తేలినా దావా వదల్లేదు.

అట్లాంటోడు అరటిపండ్లు పట్టుకొని హైదరాబాదు ఆస్పత్రికి వచ్చినాడు. బెంచీ మీద పక్కనే కూచున్నాడు.

"పిల్లకెట్లుందిరా?"

"పిల్లను చూద్దామని వచ్చినావా, మా దగ్గరింకేమన్నా మిగిలిందేమో చూద్దామని వచ్చినావా?"

"నా తమ్ముని బిడ్డరా అది."

"కోర్టులో గుర్తుకు రాలేదా ఆ ముక్క?"

వెంకటసుబ్బయ్య మొహం తిప్పుకున్నాడు. ఆ పండ్ల వాసన కూడా రోతగానే ఉంది.

లోపల స్కానింగు మిషన్లో పదకొండేళ్ల కూతురు కవిత ఉంది. నాలుగో ఏట మొదలైనాయి ఫిట్స్. వచ్చినప్పుడల్లా పిడికిట్లో తాళంచెవులు పెట్టి పెట్టి అరచేయి కాయ కాసింది. పడి లేచిందంటే అంతకుముందు జరిగింది ఒక్క ముక్క గుర్తుండేది కాదు. అవ్వ చెంచమ్మ పోయిననాడు కూడా అవ్వ గదిలోనే పడిపోయింది.

ఆ పొలం తాకట్టు పెట్టే తలకు ఆపరేషన్ చేయించినాడు. ఆర్నెల్లయింది, మళ్లీ పడలేదు. కానీ మెదడులో కొంత కోసి తీసినారు. జ్ఞాపకం నిలిచిందా, దాంతోపాటే పోయిందా? అదే ఈరోజు తేలాల.

తలుపు తీసుకొని డాక్టరమ్మ నవ్వుతా వచ్చింది. వెనకే కవిత.

"బాగా గుర్తున్న రోజు ఒకటి తలుచుకొని, మీ ఇంట్లో గదిగదీ మనసులో తిరిగి రమ్మన్నాం. జ్ఞాపకాలుండే చోటంతా దీపాలు పెట్టినట్టు వెలిగింది. భయం లేదు. పాతవి కూడా ఎక్కడికీ పోలేదు."

వెంకటసుబ్బయ్య లేచి డాక్టరమ్మకు రెండు చేతులా దండం పెట్టినాడు. ఆ వెంటనే అన్న మీద కసి పొంగింది.

"విన్నావా? అమ్మ పొలం మింగినానని ఊరూరా చాటినావే. ఆ పొలం ఏం చేసిందో నీ చెవుల్తోనే విను." కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పు తల్లీ. మీ పెదనాయనకు వినపడేట్టు చెప్పు. ఏమేం చూసినావో ఒక్కటీ ఇడిచిపెట్టొద్దు."

కవిత కండ్లు మూసుకుంది.

"గడప దాటినా. పెదనాయన బయట పాడె కట్టేవాళ్ల దగ్గర ఏడస్తా ఉన్నాడు. వసారా దాటి అవ్వ గదిలోకి పోయినా."

"భేష్. ఇంకా?"

"అవ్వ తలకాడ దీపం ఉంది, నువ్వు నా వెనకే వచ్చి తలుపు గడియేసి అవ్వ బొటనవేలికి సిరా పూసి కాయితం మీద అద్దతా ఉన్నావు నాయనా," అన్న కవిత మాటతో వెంకటసుబ్బయ్యకు కంభం చెరువు కింద సగం పొలం పోయింది, ఎకరా డెబ్బై సెంట్లు.