పిల్లలు పెరిగిన ఊయల

తోహిర్ కొయ్యసుత్తితో బల్ల మీద టకటక కొట్టి, గొంతు సవరించుకున్నాడు.

“చూడండి, చూడండి! నూరేళ్ళ నాటి అక్రోటు చెక్క ఊయల. మా తాత పుట్టకముందు వేసిన రంగుపువ్వులు, ఈనాటికీ వాడలేదు. ఎంతమంది పిల్లలు పెరిగి ఉంటారో ఇందులో! ఒక్కమాట ముందే చెబుతున్నా. వేలంపాటలోకి వచ్చిన సరుకు, అమ్మేవాళ్ళే అడిగినా వెనక్కి పోదు. తర్వాత నా మీద పడి ఏడవకండి!”

గోరంతను కొండంత చెయ్యడమే తోహిర్ వృత్తి. కోకంద్‌లో పాతవస్తువుల వేలానికి సగం మంది కొనడానికి వస్తే, సగం మంది అతని నోరు వినడానికే వస్తారు.

మూడో వరుసలో కూర్చున్న మస్తూరాకు ఆ మాటలేవీ ఎక్కడం లేదు. చేతిలో టీ గిన్నె ఉంది. అది వేడిగా ఉందో చల్లారిందో ఆమెకు తెలియడం లేదు. పొద్దుటి నుంచి మనిషి మొద్దుబారిపోయి ఉంది.

పనివాడొకడు ఊయల కిర్రుమనదని చూపించడానికి దాన్ని అటూ ఇటూ ఊపాడు.

ఆడవాళ్ళంతా “తోబా, తోబా!” అంటూ గుండెల మీద చేతులేసుకున్నారు. మస్తూరా పక్కనున్న హాసియత్ అయితే లేచి నిలబడింది.

“ఒరేయ్, నీ చేతులు పడిపోను! ఖాళీ ఊయల ఊపుతావా? మీ అమ్మ ఇంతమాత్రం చెప్పలేదట్రా నీకు?”

పనివాడు చటుక్కున చెయ్యి తీసేశాడు. ఊయల కాసేపు తనంతట తనే ఊగి ఆగింది. మస్తూరా ఒక్కతే ఉలిక్కిపడలేదు.

హాసియత్ గొణుక్కుంటూ కూర్చుంది. “అయినా ఊయల అమ్ముకునేవాళ్ళు కూడా ఉంటారా అక్కా? కాల్చకూడదు, విరగ్గొట్టకూడదు. కూతురికో కోడలికో ఇచ్చుకోవాలి గానీ, బజారుకెక్కిస్తారా? ఎంత రాతిగుండె ఉండాలి!”

“ఎవరో చేతకానివాళ్ళు లెండి,” అంది మస్తూరా.

తాష్కెంట్ మ్యూజియం నుంచి వచ్చిన కళ్ళద్దాలాయన ముప్ఫై లక్షల సోమ్‌ల దగ్గర పాట మొదలుపెట్టాడు. మస్తూరా అతని చేతినే చూస్తూ కూర్చుంది. వెనక వరుసలోంచి ఇంకో చెయ్యి లేచింది. మస్తూరా వెనక్కి తిరిగింది.

ఇరవై ఏళ్ళ పిల్ల. నిండు చూలాలు. పక్కన మొగుడు కాబోలు, ఆమె మోచెయ్యి పట్టుకుని ఏదో నచ్చజెబుతున్నాడు.

పాట పెరిగింది. కళ్ళద్దాలాయన పెదవి విరిచాడు. “మా అద్దాల బీరువాలో ఇలాంటిది ఒకటుందిలే,” అని చెయ్యి దించేశాడు.

“ఒకటోసారి! రెండోసారి!” సుత్తి గాల్లోకి లేచింది. “తల్లీ, ఊయల నీదే అయ్యేట్టుంది. కవలలు పుడితే ఒకరికి నా పేరు పెట్టు!”

అందరూ నవ్వారు. అప్పుడు మస్తూరా చెయ్యెత్తింది.

పిల్ల మళ్ళీ పెంచింది. మస్తూరా ఇంకా పెంచింది. నవ్వులు ఆగిపోయాయి. పిల్ల మొగుణ్ణి విదిలించుకుని, పొట్ట పట్టుకుని మూడో వరుస దాకా వచ్చింది.

“పిన్నీ, నా పేరు నాజిమా. మీకేం కానిదాన్ని. అయినా అడుగుతున్నా, వదిలెయ్యండి. నా మొదటి బిడ్డ దక్కలేదు. నలుగురూ పెరిగిన పాత ఊయలైతే ఈ బిడ్డ నిలుస్తుందని మా అమ్మమ్మ చెప్పింది. ఊరంతా వెతికాను. ఎవరూ ఇవ్వలేదు.”

మొగుడు వెనకాలే వచ్చాడు. “పదవే. కొత్తది చేయిద్దాం.”

“కొత్తదాంట్లో పడుకోబెట్టే పోగొట్టుకున్నాను కదా!” అని అరిచింది నాజిమా.

గదిలో అందరూ మస్తూరానే చూస్తున్నారు. ఆమె నాజిమా పొట్ట వంక చూసింది. ఏదో చెప్పడానికన్నట్టు నోరు తెరిచింది. మళ్ళీ చెయ్యెత్తింది.

“అక్కా, ఇదేం పంతం?” అంది హాసియత్. “మీ ఇంట్లో పసిపిల్లలున్నారా?”

“లేరు.”

“మరి మనవలెవరైనా పుట్టబోతున్నారా?”

“లేదు.”

హాసియత్ తన కొంగు దగ్గరకు లాక్కుని, ఒక కుర్చీ అవతలికి జరిగి కూర్చుంది.

నాజిమా ఇంకొక్కసారి పెంచింది. మొగుడు ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. తోహిర్ కూడా ఈసారి హాస్యాలాడలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గబగబా అనేసి సుత్తి కొట్టాడు.

గుమ్మం దాకా వెళ్ళిన నాజిమా వెనక్కి తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు.

“అది మీకు అచ్చిరాదు! గుర్తుపెట్టుకోండి!”

“తెలుసమ్మా,” అంది మస్తూరా.

ఆమె గొంతులో కోపం లేదు. గెలిచిన సంతోషమూ లేదు. జనం తలొక మాటా అనుకుంటూ తప్పుకుని దారి ఇచ్చారు. ఒక్కరూ ఆమెకు శుభం పలకలేదు.

బయట ఎండలో బండివాడు ఊయలను తాళ్ళతో కట్టాడు. పువ్వుల రంగు చెదరకుండా తాళ్ళ కింద గోనె పెట్టాడు.

“ఎక్కడికి చేర్చాలమ్మా?” అని అడిగాడు.

“పొద్దున మీవాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే,” అంది మస్తూరా, తన ముగ్గురు బిడ్డల్లో ఒక్కరూ దిగి నడవని ఆ ఊయల మీద గుడ్డ కప్పుతూ.