శుక్రవారం పాఠం

సోమవారం చేతులు. మంగళవారం పళ్ళు. బుధవారం గోళ్ళు. గురువారం మంచినీళ్ళు. ఒకటో తరగతి ఆరోగ్య వారానికి టీచరమ్మ రాసుకొచ్చిన పాఠాల్లో ఈ నాలుగింటికీ హెడ్ మేడమ్ చకచకా సంతకం గీకేసింది.

"పళ్ళ రోజు పేస్టు నీ దగ్గరే ఉంచుకో తల్లీ. కిందటేడు సగం ట్యూబు తినేశారు వెధవలు!"

టీచరమ్మ నవ్వలేదు. ఈమధ్య ఆవిడకి నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. అడిగినదానికి జవాబు మాత్రం చెబుతుంది.

శుక్రవారం దగ్గర మేడమ్ పెన్ను ఆగింది. ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోతే అంబులెన్సుకి ఫోను చేయడం. నంబరు నొక్కాలి, పేరూ ఇంటి అడ్రసూ చెప్పాలి, ఏడవకూడదు. పాఠం పాతదే. కింద 'నిజం ఫోను కావాలి' అన్న ముక్క కొత్తది.

"నిజం ఫోనెందుకమ్మా? కిందటేడు అట్టపెట్టెలు కత్తిరించి ముప్ఫై ఫోన్లు చేశావుగా, ఎంత ముచ్చటగా ఉన్నాయో! నువ్వు తలుపు చాటున నిలబడి 'వస్తున్నాం, భయపడకు' అంటుంటే పిల్లలు ఒకటే కేరింతలు."

"అవి లేవు మేడమ్. చించేశాను."

"అయ్యో రాత! ముప్ఫైయ్యీనా?"

"ఒక్కటి మిగిలింది. మా పాప ఇవ్వనంది."

మేడమ్ తల పట్టుకుంది. పసివాళ్ళ చేతికి ఫోనిస్తే ఊరుకుంటారా? అంబులెన్సు వాళ్ళని హడలగొట్టేస్తారు. రేపు వాళ్ళొచ్చి బడి మీద పడితే ఎవరు సమాధానం చెప్పాలి?

"వాళ్ళ ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. శుక్రవారం పదింటికి పిల్లలు చేస్తారని ఒప్పించాను. అవతల వాళ్ళ మనిషే పలుకుతాడు," అంది టీచరమ్మ. హాజరు పిలిచినట్టే ఉంది గొంతు.

"అది కాదమ్మా..."

"ఇది లేకపోతే ఆ పాఠం నేను చెప్పను మేడమ్. ఎవరినీ చెప్పనివ్వను."

వేరే ఎవరైనా అయితే మేడమ్ ససేమిరా అనేదే. కానీ ఎదురుగా ఉన్న మనిషి మూడు నెలల సెలవు తర్వాత చేరి ఇంకా వారం కాలేదు. మేడమ్ సంతకం పెట్టేసి, డ్రాయర్లోంచి తన ఫోనే తీసి ముందుకి తోసింది.

"నాదే వాడుకో. పగలగొడితే మాత్రం ఒప్పుకోను, ఆఁ!"

సాయంత్రం ఇంట్లో, రెండో తరగతిలోకి వచ్చిన పాప అమ్మ పుస్తకంలోకి తొంగి చూసింది.

"మళ్ళీ ఫోను పాఠమా? అది నాకు మొత్తం వచ్చుగా అమ్మా."

"వచ్చు తల్లీ."

"ఒక్క తప్పు కూడా పోలేదు కదూ?"

"పోలేదు."

నిజంగానే పోలేదు: నాన్న వంటింట్లో పడిపోయిన ఆ ఆదివారం, టీచరమ్మ బజారు నుంచి తిరిగొచ్చేసరికి పాప కంట తడి లేకుండా ఆయన పక్కనే కూర్చుని, అట్ట ఫోను చెవికి ఆనించుకుని, "వస్తున్నామన్నారమ్మా, ఇంకా రాలేదు," అంది.