పన్ను కట్టేటోళ్ల ముచ్చట

1993 మార్చి. సూర్యాపేటలో వర్తకుల సంఘం మీటింగు. పది గంటలకు రావాల్సిన చాయ్ పదకొండున్నరకు వచ్చింది.

"గింత లేటా మోతీబాయీ?" మిర్యాలగూడ రైసుమిల్లు కొండల్ సేటు కసిరాడు.

"బ్యాంకుల పెద్ద లైనున్నది సేటూ."

"నీకు బ్యాంకుల ఏం పని? లచ్చలు దాస్తున్నవా?"

హాలంతా నవ్వింది. రోడ్డుకు అవతల రేకుల చాయ్ హోటల్ నడిపే మోతీబాయి గ్లాసులు పేర్చింది.

కొండల్ ఉపన్యాసం మళ్లీ అందుకున్నాడు. "మన ఇన్‌కంటాక్సుల పావు వంతు మనం చెప్పిన సేవా సంఘానికే పోవాలె! పైసలు మనయి, మాట గూడ మనదే ఉండాలె!"

ఒకటే చప్పట్లు. ఢిల్లీకి పంపే అర్జీలో ఎవరి సేవా సంఘం పేరు వాళ్లు రాయించారు. కొండల్ భార్య నడిపే అనాథాశ్రమం అడ్రసు, మిల్లులోని ఊక గోదాం. తిరుమలగిరి పత్తి వ్యాపారి మల్సూర్‌ది గోశాల. ఆవు ఇంకా రాలేదు.

మోతీబాయికి ఆశ పుట్టింది. యాభయ్యో ఏట తను అక్షరాలు దిద్దిన తండా చదువుల కేంద్రం, పలకలకు కూడా దిక్కులేక ఈ నెలాఖరుకు మూతపడుతోంది.

"సేటూ, మా తండా కేంద్రం పేరు గూడ జర రాయుండ్రి."

"నువ్వు చాయ్ పొయ్యి. గిది పన్ను కట్టేటోళ్ల ముచ్చట."

"కట్టేటోళ్లు సెప్తెనే రాస్తరా?"

"మరి? కట్టినోళ్లు ఏ పేరు చెప్తే గదే రాస్తం. ఖతం."

నలభై సంతకాలు పడ్డాయి. అప్పుడు కోదాడ నుంచి పిలిపించిన ప్లీడరు మత్తయ్య కళ్లజోడు సవరించుకున్నాడు.

"బాగుందండీ. ఇక ప్రతి సంతకానికీ ఈ ఏడు పన్ను కట్టిన చలానా జత చేయండి. లేకపోతే అర్జీ చెల్లదు."

చాయ్ గ్లాసులు బల్లల మీదికి దిగాయి.

"ఈ ఏడు మొత్తం లాసే," అన్నాడు మల్సూర్.

"నాది బీరువాల ఉన్నది. తాళంచెవే దొరుకుతలేదు," అన్నాడు కొండల్.

వెనక వరసలో ఇద్దరు చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఇంతమందిలో ఒక్క చలానా కూడా లేదా అండీ?"

మోతీబాయి కెటిల్ కింద పెట్టి, బొడ్లోని సంచి విప్పి, పొద్దున బ్యాంకులో తన చాయ్ హోటల్ మీద, చిన్న దుకాణాలకు ఈ ఏడే కొత్తగా పెట్టిన ఇన్‌కంటాక్సు కట్టిన చలానా తీసి బల్ల మీద పరిచి, "ఇగ రాయుండ్రి సేటూ," అన్నది.