డాటీ అనని మాట

"ఈ మాట నేనను," అంటూ వాండా స్క్రిప్టును సోఫా మీదికి విసిరింది. "డాటీ అనదు. చచ్చినా అనదు."

ట్రెంట్ ఓపిక తెచ్చుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల వాడు. వాండా డాటీగా నటించే ఈ టీవీ కామెడీ షో పగ్గాలు మూడు వారాల క్రితమే అతని చేతికొచ్చాయి. ఇంకో రెండు గంటల్లో స్టూడియో తలుపులు తెరుస్తారు. రెండు వందల మంది వచ్చి మెట్ల వరస కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్ళ కళ్ళ ముందే సీజన్ చివరి ఎపిసోడ్ తీయాలి.

"ఒక్క లైన్, వాండా గారూ. మీ రూమ్మేట్ రూత్ అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. మీరు, 'మనం స్నేహితులమని నీకెవరు చెప్పారు? అద్దెలో సగం కడతావని ఉండనిచ్చాను' అంటారు. ఆమె వెళ్ళిపోతుంది. తలుపు పడుతుంది. అయిపోయింది."

"పదకొండేళ్లుగా డాటీని నేను. నీకు మూడు వారాల చుట్టరికం. రూత్ ఆస్పత్రిలో ఉందని తెలిసి డాటీ మంచు తుపానులో బస్సెక్కి డెట్రాయిట్ వెళ్ళింది. ఐదో సీజన్. చూశావా?"

"చూశాను."

"అద్దెలో సగం కోసం ఎవరైనా వెళ్తారా?"

ట్రెంట్ తల గోక్కున్నాడు. "చానెల్ వాళ్ళు రూత్‌కి విడిగా షో ఇస్తున్నారండీ. ఇక్కడ తెగితే గానీ అక్కడ మొదలవదు."

"మరి డాటీకి?"

"కొత్త రూమ్మేట్‌ని తెస్తాం. పాతికేళ్ల పిల్ల."

"ఆ పిల్లకి వంట నేర్పుతూ నేను చచ్చిపోవాలి!"

సోఫా రెండో చివర నోరీన్ పెన్సిల్‌తో గళ్ళ నుడికట్టు నింపుకుంటోంది. రూత్ వేషం ఆమెదే. ట్రెంట్ ఆశగా అటు తిరిగాడు. "నోరీన్ గారూ, మీరైనా చెప్పండి."

నోరీన్ తల ఎత్తలేదు. "రాసింది చదవడం నా పని. నన్నింకేం అడక్కు."

వాండాకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? విడిగా షో వచ్చింది ఎవరికి!

"విన్నారుగా," అన్నాడు ట్రెంట్. "మీరు అనకపోతే వచ్చే సీజన్‌లో డాటీ ఉండదు. మొదటి సీన్లోనే పోయిందని ఫోనొస్తుంది."

"దేంతో చంపుతావ్?"

"ఆలోచిస్తాను."

"కాస్త మర్యాద గల జబ్బు చూడు నాయనా. అరవైకి దగ్గర పడ్డదాన్ని." వాండా లేచి మేకప్ గదికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కుర్చీలన్నీ నిండాయి. మొదటి సీన్ నుంచీ జనం బాగా నవ్వారు. ఆఖరి సీన్ వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. అట్టపెట్టె చేత్తో పట్టుకుని రూత్ గుమ్మంలో నిలబడింది. ఇక డాటీ అనాలి.

వాండా నోరు తెరవలేదు.

జనంలో ఎవరో దగ్గారు. పైన గాజు గదిలోంచి ట్రెంట్ రెండు చేతులూ ఊపుతున్నాడు. వాండా చేతులు కట్టుకుని నిలబడింది. చంపుకోనీ. ఈ ఇంట్లో పదకొండేళ్లు బతికిన ఆడదాన్ని అబద్ధాలకోరును చేయడం మాత్రం తన వల్ల కాదు. గడ్డం వణుకుతోంది. వణకనీ.

దబ్బుమని చప్పుడైంది. నోరీన్ పెట్టెను నేల మీద పడేసింది.

"ఏమే," అంది, "ఈ ఇంట్లో ఏదైనా నేనే మొదలుపెట్టాలా? ఆఖరికి ఏడవడం కూడానా?"

ఆ మాట స్క్రిప్టులో లేదు. వాండా కట్టుకున్న చేతులు వదిలేసింది.

"అంట్లు ఎప్పుడు మొదలుపెట్టావే నువ్వు?"

జనం భళ్ళున నవ్వారు. కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ట్రెంట్ మెట్ల మీంచి పరుగున దిగాడు. "రెండో టేక్! ఈసారి రాసింది రాసినట్టు!"

వాండా జనం వైపు తిరిగింది. "మళ్ళీ తీస్తారట. ఈసారి రూత్‌ని నేను వెళ్ళగొట్టాలట. ఏమంటారు?"

"వద్దు!" అని రెండు వందల గొంతులు అరిచాయి. ఎవరో కాగితం ఉండ చేసి ట్రెంట్ మీదికి విసిరారు కూడా. నిజంగా వచ్చిన నవ్వు రెండో టేక్‌లో రాదని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. ట్రెంట్‌కీ తెలుసు.

అతను నోరీన్ మీద పడ్డాడు. "మీ షో సంగతేమిటి? రూత్ ఇక్కడే ఉండిపోతే అక్కడ ఎవరుంటారు?"

"నువ్వుండు. గౌను పంపిస్తాను," అని నోరీన్ నుడికట్టు పుస్తకం చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా తన గదికి వెళ్ళిపోయింది.

ట్రెంట్ కోపమంతా వాండా మీదికి మళ్ళింది. "నన్ను వెర్రివాణ్ణి చేశారు కదూ ఇద్దరూ కలిసి! స్నేహితులంటే మీరేనండీ. మధ్యాహ్నం నా ముందు ఎడమొహం పెడమొహం, చాటున ఫోన్లో రిహార్సల్! ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నారు ఇది?"

వాండా అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. మేకప్ చెదిరి చెంపంతా నల్లబడింది.

"అనుకోవడమా?" అంది, నోరీన్ వేసుకున్న తలుపు వైపు చూస్తూ. "తొమ్మిదేళ్లలో మీరు రాసిచ్చింది కాకుండా ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది."