ఉడికిన శనగల సీసా

సీసా మూత తీయగానే కుళ్లుకంపు గుప్పుమంది. లోపల ఉడకబెట్టిన శనగలు జిగురెక్కి తీగలు సాగుతున్నాయి. క్లాసంతా ముక్కులు మూసుకుంది, ఒక్క పిల్ల తప్ప. దానికి రోతనేదే ఉన్నట్టు లేదు. సీసాలోకి తొంగిచూసి మరీ రాసుకుంటోంది.

మొలకలు ఊపిరి పీల్చి వదులుతాయి కాబట్టి వాటిని వేసిన మొదటి సీసాలో పెట్టిన సున్నపుతేట తెల్లబడాలి. ఉడికి చచ్చిన శనగల దాంట్లో మారకూడదు. రెండూ పాలలా తెల్లబడ్డాయి.

అయినా అందరి రికార్డుల్లోనూ "రెండో సీసాలో మార్పు లేదు" అనే ఉంది. నిరుటివి చూసి దించేశారు. ఆ పిల్ల ఒక్కతే "రెండోదీ తెల్లబడింది" అని రాసింది.

"పుస్తకం చదవలేదా?" అన్నాను.

"చదివాను టీచర్. ఉడికినవాటికి క్రిములు చంపే మందు కలపాలంట. లేకపోతే క్రిములు పట్టి, అవి ఊపిరి పీలుస్తాయంట. మీరు కలపలేదు కదా."

నిజమే, మర్చిపోయాను.

"అది కొట్టేసి అందరిలా రాయి," అన్నాను.

కొట్టేసి రాసి తెచ్చింది. 'బాగుంది' అని సంతకం పెట్టాను.

అప్పటికి శనగలు పారేశాం, కిటికీలు తెరిచాం. కంపు పూర్తిగా పోయింది.

ఆ పిల్ల నా చేతిలోంచి రికార్డు అందుకుని, అప్పుడు ముక్కు మూసుకుంది.